పులిసేవి, నానేవి, డబ్బాలోవి: ఒంటిచేత్తో వ్యాపారం మొదలుపెట్టినవాళ్ళకు

2022 మే నెలలో ఒక రాత్రి రెండున్నరకి నేను వంటింట్లో నిలబడి, అప్పుడే కడిగిన గరిటెని మళ్ళీ కడుగుతున్నాను. పదింటికి రుబ్బుతుంటే పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. అమ్మకానికని అప్పటికే రవ్వ కలిపి పెట్టిన ఇడ్లీ పిండి ఎండాకాలపు ఉక్కకి పొంగి గంగాళం అంచు దాటడానికి సిద్ధంగా ఉంది. ఇంకో బకెట్‌లో అయిదు కిలోల మినపగుళ్ళు నాని రుబ్బడానికి ఎదురుచూస్తున్నాయి. ఫ్రిజ్‌లో నిన్నటి ప్యాకెట్లు పద్దెనిమిది బుగ్గలు పూరించుకుని కూర్చున్నాయి. ఫోన్‌లో చదవని మెసేజీలు నలభై పైన. ఆరున్నరకల్లా మూడు షాపులకు సరుకు చేరాలి. ఏది ముందు పట్టుకోవాలో తెలియక గరిటె కడుగుతున్నాను.

మంచినీళ్ళకని లేచిన మా అత్తయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "అది శుభ్రంగానే ఉందమ్మా" అంది. తర్వాత గంగాళం మీద గుడ్డ ఎత్తి చూసి, "ముందు పొంగింది ప్యాకెట్లకెత్తు. నానింది నీళ్ళు మార్చి ఫ్రిజ్‌లో పెట్టు, తెల్లారేదాకా ఆగుతుంది. ఆ ఉబ్బినవి ఎలాగూ పోయాయి, వాటి మొహం పొద్దున్నే చూద్దువుగాని" అంది. మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకుంది.

ఆవిడకి పట్టింది అర నిమిషం. నేను అప్పటికి అరగంటగా అక్కడే నిలబడి ఉన్నాను.

నాది తెనాలి. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను, నిజాంపేటలో ఉంటాం. ఒక స్కూల్లో అకౌంట్స్ చూసేదాన్ని. అది మానేశాక 2021లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఆరు ప్యాకెట్ల ఇడ్లీ పిండితో మొదలుపెట్టాను. ఇప్పుడు రోజుకి తొంభై ప్యాకెట్లు. చిన్న వ్యాపారమే, కానీ ఉక్కిరిబిక్కిరి కావడానికి చిన్నదైనా చాలు. పెద్దగా ఎదిగినవాళ్ళ సలహాలు చాలా విన్నాను. అందులో "పనిని మీ టీమ్‌కి అప్పగించండి" అని ఉంటుంది. మన టీమ్ అంటే మనమే. ఇంట్లో ఎవరైనా నిద్ర లేస్తే వాళ్ళు. అలాంటివాళ్ళకోసం ఇది రాస్తున్నాను. మీది పిండి కాకపోవచ్చు, బ్లౌజులు కుట్టడమో ట్యూషన్లో కేకులో కావచ్చు. మీ సరుకు పేర్లు పెట్టుకుని చదువుకోండి.

ముందు అంతా కాగితం మీద పోయండి

ఆ మర్నాడు మధ్యాహ్నం మా అబ్బాయి పాత నోట్‌బుక్ తీసుకుని, నా బుర్రలో తిరుగుతున్న పనులన్నీ రాశాను. ఫోన్‌లో రాయకండి. ఫోన్ తీస్తే మెసేజీలు కనిపిస్తాయి, అరగంట పోతుంది. కాగితం, పెన్ను, తలుపు గడియ. "గ్యాస్ బుక్ చేయాలి" దగ్గర్నుంచి "ఆడపడుచు అప్పు తీర్చాలి" దాకా ఏదీ వదలకండి. సిగ్గుపడే పనులుంటాయి, రెండు నెలలుగా వాయిదా వేస్తున్నవి. నిజంగా బరువైనవి అవే, రాయండి. నాకు యాభై మూడు వచ్చాయి. రెండొందలుంటాయని అనుకున్నాను.

తర్వాత రెండు పేజీలు పక్కపక్కన తెరిచి మూడు గళ్ళు గీశాను. పులిసేవి, నానేవి, డబ్బాలోవి.

పులిసేవి అంటే ఇవాళ చేయకపోతే రేపు చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే అన్నవి. పొంగిన పిండి ఎత్తడం. ఆదివారం ఉపనయనం వాళ్ళకి పాతిక ప్యాకెట్లు ఇస్తామో లేదో చెప్పడం. కరెంటు బిల్లుకి చివరి తేదీ. ఇది ఈ గడిలోకి వస్తుందా రాదా అని అనుమానం వస్తే, "రేపు పొద్దున చేస్తే ఏం పోతుంది?" అని అడగండి. జవాబులో రూపాయలు గానీ, ఒక మనిషి పేరు గానీ రావాలి. "ఏమో, బాగుండదు కదా" అని వస్తే అది పులిసేది కాదు. నా యాభై మూడింటిలో పులిసేవి తొమ్మిదే. రోజుకి అయిదు దాటనివ్వను. ఆరోది వస్తే ఒకదాన్ని కొట్టేయాలి, లేదా ఇంట్లో ఎవరో ఒకరికి అంటగట్టాలి.

నానేవి అంటే మన చెయ్యి పడాల్సినంత పడింది, ఇక దాని టైము అది తీసుకుంటుంది అన్నవి. మనుషుల్ని లోపల్లోపల తినేసేవి ఇవే అని నాకనిపిస్తుంది. తిండి సరుకు అమ్మేవాళ్ళకి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నంబరు ఉండాలి. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్ళకి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఫాస్కాస్ అనే వెబ్‌సైట్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా కాగితం పెడితే అయిపోయే పని. పెట్టడానికి నాకు ముప్పావుగంట పట్టింది. కానీ ఆ 14 అంకెల నంబరు వచ్చేదాకా రోజుకి నాలుగుసార్లు లాగిన్ అయ్యేదాన్ని. ఏదో తప్పు రాశానేమో, ఎవరో వచ్చి ఆపేస్తారేమో అని. నానబెట్టిన పప్పుని పది నిమిషాలకోసారి చేత్తో కెలికితే తొందరగా నానుతుందా? ఇప్పుడు నానే ప్రతి పని పక్కనా ఒక తేదీ రాస్తాను, "మళ్ళీ చూసేది ఫలానా రోజు" అని. ఆ తేదీ వచ్చేదాకా దాన్ని తెరవను. బుర్ర గుర్తుచేస్తుంది, చేయనివ్వండి. తేదీ నోట్‌బుక్‌లో ఉందని తెలిసిన కొద్ది రోజులకి అదే ఊరుకుంటుంది.

బ్యాంకు లోను, కవర్లు అచ్చేసేవాళ్ళ ప్రూఫు, కొత్త షాపు ఓనరు జవాబు, అన్నీ ఇందులోవే. కేంద్ర ప్రభుత్వం 2020లో పీఎంఎఫ్ఎంఈ అని చిన్న ఆహార పరిశ్రమల పథకం పెట్టింది. బ్యాంకు రుణంతో పెట్టే యూనిట్‌కి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ అన్నారు. నేను దరఖాస్తు గురించి కనుక్కుని, నానే గడిలో వేసి, ఆ సబ్సిడీ రాదనుకునే నా లెక్కలు వేసుకున్నాను. రాని డబ్బుని ఖర్చులో కలుపుకుంటే రోజూ దానికోసం ఎదురుచూడాల్సి వస్తుంది. చిన్న వ్యాపారాలు పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది. దానికి రెండువేలు అడిగే ఏజెంట్లు కాల్ చేస్తారు, ఫోన్ పెట్టేయండి.

ఇక డబ్బాలోవి. డబ్బాలో మినపగుళ్ళు ఆరునెలలైనా ఉంటాయి. లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, రాగి దోసె పిండి, బండి మీద పేరు రాయించడం. ఇవి సరదా పనులు కాబట్టే ప్రమాదం, నవ్వుకుంటూ మొదటి గడిలోకి జరిగిపోతాయి. నేను పదకొండు రాత్రులు లోగోలో ఆకుపచ్చ ఏ ఆకుపచ్చ ఉండాలో చూసుకున్నాను. అదే పదకొండు రోజులు ఒక షాపు నుంచి రావాల్సిన 6,400 రూపాయలు అడగలేదు. అడగాలంటే మొహమాటం, రంగులు చూడాలంటే హాయి. డబ్బాని నెలకోసారి, ఒకటో తారీఖున తెరుస్తాను. అందులోంచి ఒక్కటి తీసి మూత పెట్టేస్తాను.

ఇదంతా రోజూ చేయక్కర్లేదు. ఆదివారం సాయంత్రం మొత్తం రాస్తాను, రోజూ పడుకునేముందు రేపటి పులిసేవి మాత్రం అయిదు గీతలు. ఆ అయిదు గీతలు రాయని రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఇది నా మీద నేను చాలాసార్లు చూసుకున్నాను.

మీ వ్యాపారం గొంతు ఎక్కడుంది?

సీసా ఎంత పెద్దదైనా మూతి ఎంతుంటే అంతే పోస్తుంది. ఇది తెలియక నేను నలభై వేల అప్పులో ఇరుక్కుపోయాను.

నా లెక్క ఇలా ఉంటుంది. కిలో మినపగుళ్ళకి రెండు కిలోల ఇడ్లీ రవ్వ వేస్తే నాకు ఆరు, ఆరున్నర కిలోల పిండి వస్తుంది. వచ్చే ఆర్డర్లకి రోజుకి నలభై ప్యాకెట్లు సరిపోవట్లేదని, రుబ్బడమే ఆలస్యమవుతోందని అనుకుని 2022 మార్చిలో అప్పుచేసి పది లీటర్ల టిల్టింగ్ గ్రైండరు ఇంకోటి కొన్నాను. రుబ్బడం రెట్టింపయ్యింది. పెట్టడానికి చోటు మాత్రం ఇంట్లో ఉన్న ఫ్రిజ్, అందులో కిందా మీదా పడితే నలభై అయిదు ప్యాకెట్లు. మిగతావి బయట బల్ల మీద, తడి గుడ్డ కప్పి. ఏప్రిల్ వచ్చేసరికి గుడ్డ కింద ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బాయి. షాపులవాళ్ళు వాపసు పంపడం, నేను వాటికి బదులు ఇవ్వడానికి ఇంకా రుబ్బడం, అవీ ఉబ్బడం. మొదట్లో చెప్పిన ఆ రాత్రి అలా వచ్చింది. పని ఎక్కువై కాదు, చల్లగా ఉంచే చోటు లేక.

మీ పనిలో సరుకు ఎక్కడ గుట్టపడుతోందో చూడండి. అదే గొంతు. టైలరింగ్‌లో కటింగ్ అయిపోయి కాజాల దగ్గర ఆగిపోతుంటే కాజాలే గొంతు, ఇంకో కుట్టు మిషన్ కొంటే గుట్ట పెరుగుతుంది. గొంతు తెలిశాక రోజుకి ఎంత అనేది దాన్నిబట్టి ఒక అంకె వేయండి. వేసి గోడ మీద అంటించండి. నేను సెకండ్‌హ్యాండ్ విజి కూలర్ (షాపుల్లో ఉండే అద్దం తలుపు ఫ్రిజ్) కొన్నాక నా అంకె తొంభై. తొంభై ఒకటో ప్యాకెట్ అడిగేది మా పెద్దమ్మ అయినా లేదు.

"లేదు" అనడం ఎలా

నాకు ఇది చాలాకాలం రాలేదు. ఆర్డర్ వద్దంటే లక్ష్మీదేవిని గుమ్మంలోంచి పంపేసినట్టే అని పెరిగాం. అందుకే అందరికీ "అలాగేనండి" అనేసి, రాత్రి కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఒక వాక్యం రాసి పెట్టుకున్నాను, అదే పంపుతాను: "రేపటివి అయిపోయాయండి. ఎల్లుండి పొద్దున మొదటి ప్యాకెట్ మీకే తీసిపెడతాను, సరేనా?" సారీలు, మా అబ్బాయికి జ్వరం, కరెంటు లేదు లాంటి కథలు వద్దు. కారణం చెబితే దానికో పరిష్కారం వాళ్ళు చెబుతారు, అక్కణ్ణుంచి బేరం మొదలు. ఎల్లుండి అన్నాక మాత్రం నిజంగానే తీసిపెట్టండి. ఇలా చెప్పడం మొదలుపెట్టాక నాకు పోయిన ఖాతా ఒకే ఒక్క ఇల్లు. ఆవిడ అంతకుముందు కూడా నెలాఖరుకి డబ్బులివ్వడానికి మూడుసార్లు తిప్పేది.

ఆర్డర్లు సాయంత్రం ఆరుదాకా. ఆరు దాటాక వచ్చినవి మర్నాటి లెక్క. గ్రూపులో ఈ సంగతి పెట్టిన మొదటి వారం నలుగురు అలిగారు, రెండో వారానికి అయిదూ యాభైకల్లా మెసేజీలు రావడం మొదలైంది.

బంధువుల దగ్గర ఏ వాక్యమూ పనిచేయదు. "చదువుకుని పిండి రుబ్బుకుంటున్నావా" అనేవాళ్ళు ఒక వైపు. బెంగళూరులో 2005లో 50 చదరపు అడుగుల గదిలో మొదలై ఇంత పెద్దదైన ఇడ్లీ పిండి కంపెనీ ఐడి ఫ్రెష్ కథ పంపి, "నువ్వెప్పుడు?" అనేవాళ్ళు ఇంకో వైపు. ఆ కథ నాకు కనీసం పదిమంది పంపారు. మంచి కథే. కానీ గదికీ పేరుకీ మధ్య గడిచిన ఏళ్ళు ఆ మెసేజ్‌లో రెండు లైన్లుంటాయి. నిద్ర చాలని రోజుల్లో అలాంటివి చదవకండి, ఒట్టి దిగులు.

బకెట్‌కి ఎర్ర గీత

సాయానికి ఒకామెని పెట్టుకున్నాను, పొద్దున నాలుగు గంటలు. నెలయ్యేసరికి నా పని తగ్గలేదు సరికదా పెరిగింది. ఆమె చేసిందంతా నేను మళ్ళీ చేసేదాన్ని. "నీళ్ళు సరిపడా పొయ్యి" అంటాను. ఎంత సరిపడా? అది నా చేతికి తెలుసు, ఆమె చేతికి తెలీదు. ఒకరోజు గారెల పిండిలా గట్టిగా, ఒకరోజు మజ్జిగలా. విసుక్కుంటే ఆమె, "అక్కా, మీ కళ్ళు నాకు లేవు కదా, ఇంత అని చెప్పండి" అంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఎర్ర నెయిల్‌పాలిష్ తీసుకుని నీళ్ళ బకెట్‌ లోపల ఒక గీత గీశాను, మినపగుళ్ళ డబ్బాకి ఒకటి, గంగాళానికి ఒకటి, ఇంతదాకా పొంగితే ఎత్తేయ్ అని. ఎండాకాలం గీత, చలికాలం గీత వేరువేరు. గ్రైండరు పక్కన గోడ మీద గోడ గడియారం, "ముల్లు ఇక్కడికొస్తే ఆపు." ఆ మూడు గీతలతో నాకు పొద్దున రెండు గంటలు మిగిలాయి. నేనూ నిద్రమత్తులో ఇప్పుడు ఆ గీతలే చూసి పోస్తాను. ఇంకొకరికి పని ఇచ్చే ముందు మీరు కంటితో, చేత్తో అంచనా వేసేవి ఏమున్నాయో చూసి, వాటికి గీతలు గీయండి. తర్వాత పక్కనే నిలబడి చూడకండి. ఇది గీత గీయడం కన్నా కష్టం.

డబ్బు సంగతి సోమవారమే

బాకీలు రోజూ తలుచుకుంటే రోజూ పులుస్తాయి. అందుకే వారంలో ఒక రోజు, ఒక గంట. నాకు సోమవారం పదకొండు. షాపుల బాకీలు అడగడం, మలక్‌పేట గంజ్‌లో సరుకు డబ్బు కట్టడం, వాపసు లెక్క. వ్యాపారానికి వేరే ఖాతా, వేరే యూపీఐ. ఇంటి కూరగాయలు ఆ ఖాతాలోంచి కొనను. మొదటి ఏడాది కలిపేసి వాడాను, లాభమొచ్చిందో జీతంలోంచి పోస్తున్నామో నాకూ తెలియలేదు, మా ఆయనకీ తెలియలేదు. ఆ ఏడాది మేం పడ్డ పోట్లాటల్లో సగం దాని గురించే. ఇప్పుడు సోమవారం రాత్రి పుస్తకం ఆయన ముందు పెడతాను, పావుగంట చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. మిగతా ఆరు రోజులు అడగడు.

లెక్క పుస్తకం ఇంకో మేలు చేసింది. ఎనిమిది నెలల అమ్మకాలు చూస్తే మంగళవారం అన్నిటికన్నా తక్కువ. ఎందుకో నాకు తెలీదు. మంగళవారం సెలవు పెట్టేశాను. సెలవు తీసుకోవాలా వద్దా అని నాతో నేను వాదించుకునే అవసరం లేకుండా పోయింది.

ఒంటి సంగతి

ఇది చిన్నగానే చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలుసు, ఎవరం చేయం. నాలుగింటికి లేచేవాళ్ళు మధ్యాహ్నం పడుకోవాల్సిందే. ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా ఫోన్ అత్తయ్య దగ్గర ఉంటుంది, ఎవరు చేసినా "పడుకుంది" అని చెబుతుంది, ఆవిడకి మొహమాటాల్లేవు. ఊరందరికీ ఇడ్లీ పిండి ఇచ్చి నేను పన్నెండింటిదాకా కాఫీ మీద ఉండేదాన్ని. ఇప్పుడు మొదటి వాయి నాది.

పనులు గళ్ళల్లో పెట్టినా దిగనిది ఒకటుంటుంది. 2023లో నాకు మూడు వారాలు నిద్ర పట్టలేదు, పిల్లల మీద అరిచేదాన్ని, గ్రైండరు శబ్దం వింటే గుండె దడ. అది నోట్‌బుక్‌తో తీరేది కాదు. ప్రభుత్వానిదే టెలీ మానస్ అని హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు. చేశాను. తెలుగులోనే మాట్లాడారు, తర్వాత డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. మీకు రెండు వారాలు దాటి అలా ఉంటే, లేదా బతుకు మీద విరక్తి మాటలు మనసులోకి వస్తుంటే, దాన్ని పులిసేవాటిలో మొట్టమొదట రాసుకోండి, ఆ రోజే ఫోన్ చేయండి.

మొన్న డిసెంబరులో ఒక పొద్దున నాలుగింటికి గంగాళం మీద గుడ్డ తీస్తే పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. చలికి అసలు కదల్లేదు. చలికాలం గీతకి జానెడు కిందుంది. ఒకప్పుడైతే గంగాళాన్ని వేడినీళ్ళల్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, దాని చుట్టూ ప్రదక్షిణలు చేసేదాన్ని. నోట్‌బుక్ తీసి ఆ రోజు పులిసేవి అయిదూ చూశాను. అందులో పిండి ఎత్తడం ఒకటి, అదే పులవలేదు. గంగాళాన్ని స్టవ్ పక్కకి జరిపి, ఆరింటికి మూడు షాపులకీ ఫోన్ చేసి "ఇవాళ సరుకు పదకొండుకి అన్నా" అని చెప్పి, పదింటికి అలారం పెట్టుకుని మళ్ళీ పడుకున్నాను. పది దాటి పావుకి గీత తాకింది.